బూస్టు సీసాలో కారప్పొడి

సీసపు అక్షరాలతో కంపోజింగు చేసే రోజుల్లో ప్రెస్సు మూతపడితే ఆ అక్షరాలని తూకానికి అమ్మేసేవారు. అచ్చయిన పుస్తకం మాత్రం ఎవరింటి బీరువాలోనో భద్రంగా ఉండేది. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక పాత సంచిక ఇప్పుడు చేతికిచ్చినా సరే, చదవడానికి కళ్ళజోడు చాలు. అదే, పాతికేళ్ళ కిందట కంప్యూటర్లో కంపోజు చేసిన నవల సీడీ ఇచ్చి చదవమనండి! చరిత్ర చదువుకున్నదాన్ని కనక నాకిది మహా వింతగా తోస్తుంది.

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలకి పేరు కదా. మన కథలూ నవలలూ పుస్తకరూపం ఎత్తేది మాత్రం డి.టి.పి. సెంటర్లలో. అక్కడ ఎన్నో ఏళ్ళపాటు రాజ్యమేలింది పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది, 1994లో అడోబ్ చేతికొచ్చింది, 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి కాన్పు. మనవాళ్ళు దానికి అనూ ఫాంట్లు జతచేసి తెలుగు నేర్పారు.

ఎలా నేర్పారో వింటే మీకు నవ్వొస్తుంది. అప్పటి ఫాంట్లలో తెలుగుకి సొంత గదులు లేవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే మన తలకట్లనీ గుడులనీ ఒత్తులనీ సర్దేశారు. మన వంటింట్లో బూస్టు సీసాలో కారప్పొడి పోసుకోమూ, అలాగన్నమాట. సర్దిన ఆవిడకి ఏ సీసాలో ఏముందో తెలుసు. కొత్తకోడలు పైన చీటీ చూసి పాలల్లో కలిపేస్తుంది. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటరూ అంతే, తెలుగు నవలని తెరిచి, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కుమ్మరిస్తుంది.

అందుకే కొన్ని సెంటర్లలో పసుపెక్కిన పాత పెట్టె ఒకటి ఇంకా ఓ మూల ఉంటుంది. అందులో విండోస్ ఎక్స్‌పీ. మైక్రోసాఫ్ట్ దాని ఆలనాపాలనా మానేసింది 2014 ఏప్రిల్ 8న. మానేస్తే ఆగిపోదు లెండి, కంపెనీ మరమ్మతులు పంపదు, అంతే. దొంగలు దూరకుండా దానికి ఇంటర్నెట్టు తగిలించరు. నేనెరిగిన ఒకాయన దానిమీద పాత తువ్వాలు కప్పి, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. "అది పోతే సగం బీరువాకి తాళంచెవి పోయినట్టేనమ్మా" అంటాడు.

పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. పేజ్‌మేకరూ ఎక్స్‌పీ కంపెనీ దుకాణంలో దొరకవు. కొత్త కంప్యూటర్లోనే పాతదాన్ని బొమ్మరిల్లులా కట్టుకునే ఉపాయం ఉంది, కానీ దానికీ అసలు సీడీ, దాని నంబరూ కావాలి. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లకైతే కంప్యూటరు వెనక తగిలించే చిన్న తాళం ఒకటుండేది. అది పట్టే రంధ్రమే కొత్త కంప్యూటర్లకి ఉండదు.

ఇంకో తమాషా. మన కాపీరైటు చట్టం 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాముని సాహిత్య రచనల్లో చేర్చింది. అంటే నా నవలా, పేజ్‌మేకరూ ఒకే పంక్తిలో కూర్చున్నాయి! కానీ అచ్చు అయిపోయిన నవల పాతపుస్తకాల బండిమీదైనా దొరుకుతుంది, అమ్మినవాడిది తప్పని ఎవరూ అనరు. అమ్మకం ఆపేసిన ప్రోగ్రాముని నకలు తీసిస్తే మాత్రం చట్టం ఒప్పదు. కంపెనీ అమ్మదు, ఇంకొకర్ని ఇవ్వనివ్వదు. ఇదేం న్యాయమో నాకు బోధపడదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, యూనికోడ్ 1991లోనే తెలుగుకి సొంత గదులిచ్చింది. ఆ ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది కూడా. పేజ్‌మేకరుకే ఆ విద్య అబ్బలేదు. ఇప్పుడు ఉచితంగా దొరికే అందమైన ఫాంట్లున్నాయి. మన దివిసీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారి పేరుతో 'మండలి' ఫాంటే ఉంది. పాత ఫైళ్ళని యూనికోడులోకి మార్చే సాధనాలూ వచ్చాయి.

మార్చాక మళ్ళీ ప్రూఫులు దిద్దుకోవాల్సిందే. ఒత్తులు అక్కడక్కడ జారిపోతాయి. మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే దాన్నీ తెలుగే అనుకుని, ఏ భాషలోనూ లేని పదం పుట్టిస్తుంది. నా పాత నవల ఒకటి అలాగే దిద్దుతున్నాను. పాత పెట్టెలో అసలు ఫైలు తెరిచిపెట్టి, ఆయన చదువుతుంటే నేను సరిచూస్తున్నాను. రోజుకి పది పేజీలు దాటడం లేదు.