జేకబ్ హాంబ్లిన్

గ్రామపెద్దలారా,

ఇరుపక్షములవారును ఒక్కని మాటను నమ్ముట యెంత యరుదో తగవులు తీర్చు మీకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి నమ్మకమును గడించిన యొక అమెరికా మతప్రచారకుని చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

1830లో న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ స్థాపించిన మతము ననుసరించువారిని మోర్మనులందురు. ఇరుగుపొరుగువారు పలుచోట్లనుండి తరిమివేయగా, వారు 1847లో బ్రిగమ్ యంగ్ నాయకత్వమున పడమటి మెట్టభూములకు, అనగా నేటి యూటా రాష్ట్రమునకు, వలస వచ్చిరి. 1819లో ఒహాయోలో జన్మించిన జేకబ్ హాంబ్లిన్ 1842లో ఆ మతమున చేరి, 1850లో యూటా చేరెను.

పశువులను తోలుకొనిపోవు ఆదివాసులపైకి ఆతని నొకప్పుడు పంపిరి. ఒకనిపై గురిపెట్టిన తుపాకి పేలలేదు. ఎదిరి బాణములు టోపిని, దుస్తులను చీల్చెనే గాని శరీరమునకు తగులలేదు. తాను వారి నెత్తురు చిందింపకున్నచో వారును తన నెత్తురు చిందింపరని దైవము సూచించినట్లు ఆతడు గ్రహించెను.

1854లో దక్షిణ యూటాలో పాయూటు జాతివారి నడుమ ప్రచారమునకు వెళ్లి, శాంటాక్లారా యేటియొడ్డున నివాస మేర్పరచుకొని, వారి భాష నేర్చెను. 1857 సెప్టెంబరులో, ఆతడు ఊరలేని సమయమున, మౌంటెన్ మెడోస్ అనుచోట మోర్మను సాయుధదళము, కొందరు పాయూటులతో కూడి, కాలిఫోర్నియాకు పోవు సుమారు 120 మంది బాటసారులను వధించెను. మిగిలిన 17 మంది పసివారిలో కొందరికి హాంబ్లిన్ ఇల్లే ఆశ్రయమయ్యెను. హంతకులలో నొకడైన జాన్ డి. లీ తన మతమువాడే యైనను, 1876లో న్యాయస్థానమున ఆతనికి ప్రతికూలముగ సాక్ష్యము పలికెను.

1874లో నవాహో యువకులు కొందరు యూటాలో హతులైరి. పగబూనిన ఆ జాతివారికడకు హాంబ్లిన్ స్వయముగ వెళ్లెను. వారు చంపుదుమని బెదరించి, పరిహారముగ పశువుల నడిగిరి. తనవారు చేయని నేరమునకు పరిహార మీయనని ఆతడు నిబ్బరముగ చెప్పెను. ప్రాణములతో తిరిగివచ్చెను. పిమ్మట వారి పెద్దయొకడు విచారించి, ఆతని మాట సత్యమని తెలిసికొనెను.

ఇంతటితో ముగించినచో నేను సగము చరిత్రమే చెప్పినవాడ నగుదును. ఆతడు నెలకొల్పిన శాంతివలన వలసబండ్లకు దారులు సుగమమయ్యెను. బండ్లవెంట పశువులు వచ్చెను. ఆనాటి పాయూటుల ముఖ్యాహారములలో గడ్డిగింజలు ఒకటి. 1880లో హాంబ్లిన్ భూశాస్త్రజ్ఞుడు పవెల్‌కు లేఖ వ్రాయుచు, నీటితావులన్నియు తెల్లవారి వశమైనవనియు, గింజలిచ్చు గడ్డిని పశువులు మేసివేసినవనియు తెలిపెను. ఆ పశువులు తనవారివే. 1886లో ఆతడు న్యూమెక్సికోలో మరణించెను.

ఆతని మాటవలన తుపాకులు దిగెను. పాయూటుల ఆకలి మాత్రము తీరలేదు. పోరు మాన్పిన పిదప బీడును, నీటిని ఎవరెంత యనుభవింపవలెనో నిర్ణయింపని తగవు తీరినట్లు కాదని నా యభిప్రాయము. ఆ సంగతిని దాచక వ్రాసినందులకే నేను హాంబ్లిన్‌ను మరింత గౌరవింతును.