ఫ్యాక్టరీ చెత్తకు తగిన ఇన్సినరేటర్: డిజైన్ ఎక్కడ మొదలవుతుంది?

మలేషియాలోని సెలంగోర్ రాష్ట్రంలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరుంది. 2007 నుంచి దాని అధికారిక పేరు బెస్తారీ జయ. సెలంగోర్ నది నీటిని శుద్ధి చేసి కౌలాలంపూర్ పరిసరాలకు పంపే పెద్ద ప్లాంట్లు ఇక్కడున్నాయి. 2020 సెప్టెంబరులో ఎగువన రావాంగ్ దగ్గర సుంగై గోంగ్ వాగులో సాల్వెంట్ కలవడంతో, ఇక్కడివి సహా నాలుగు ప్లాంట్లు ఆపేశారు. దాదాపు 12 లక్షల కనెక్షన్లకు నీళ్ళు రాలేదు.

ఇలాంటి సాల్వెంట్ చేరాల్సిన చోటు ఇన్సినరేటర్. మలేషియాలో 1998 నుంచి బుకిట్ ననాస్‌లోని క్వాలిటీ ఆలం కేంద్రం ఈ పని చేస్తోంది. సొంతంగా కట్టుకోవాలంటే మాత్రం కేటలాగ్ చూసి కొనే వస్తువు కాదిది.

ముందు చెత్తను ల్యాబ్‌కి పంపాలి. తేమ, కెలోరిఫిక్ విలువ, క్లోరిన్, గంధకం, బూడిద, భార లోహాలు ఎంతెంతో తెలియాలి. సాల్వెంట్ తనంతట తానే మండుతుంది. తడి స్లడ్జ్ అలా కాదు, కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే సుమారు 2.5 మెగాజౌళ్ళు కావాలి. లంకావి, తియోమన్ దీవుల్లో పెట్టిన చిన్న ఇన్సినరేటర్లు తడి చెత్త వల్లే డీజిల్ తెగ తాగాయి. అవి ఊరి చెత్తవే అయినా పాఠం ఒకటే.

తర్వాత కొలిమి. ద్రవాలకు బర్నర్ చాలు, డ్రమ్ములు, స్లడ్జ్, ఘనపదార్థాలు కలిసి వస్తే రోటరీ కిల్న్ కావాలి. పొగ రెండో గదిలో 850 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు ఉండాలి. క్లోరిన్ సమ్మేళనాలు 1 శాతం దాటితే 1100 డిగ్రీలు. లెక్క కష్టమేమీ కాదు: గంటకు 10,000 నార్మల్ ఘనపు మీటర్ల పొగ 850 డిగ్రీల దగ్గర 41,000 అవుతుంది, 2 సెకన్లకు గది 23 ఘనపు మీటర్లుండాలి. 1100 దగ్గరైతే 28.

అసలు ఖర్చు ఆ తర్వాతే. పొగ 450 నుంచి 200 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లారితే డయాక్సిన్లు మళ్ళీ పుడతాయి, అందుకే నీళ్ళు చల్లి ఒక్కసారిగా చల్లార్చాలి. ఆపైన సున్నం లేదా కాస్టిక్, యాక్టివేటెడ్ కార్బన్, బ్యాగ్ ఫిల్టర్. ఐరోపాలోనూ మన దేశంలోనూ డయాక్సిన్ పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే భాగం ఇంటర్‌లాక్: వేడి తగ్గినా, ఫ్యాన్ ఆగినా చెత్త వెయ్యడం దానంతటదే ఆగిపోవాలి. ఆపరేటర్ దాన్ని బైపాస్ చెయ్యగలిగితే అది ఉన్నా లేనట్టే.

ఎంత వేగంగా వెయ్యాలన్నది కాల్చి చూస్తేనే తేలుతుంది. భోపాల్ యూనియన్ కార్బైడ్ 337 టన్నుల వ్యర్థాలను 2025లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో కాల్చింది మన హైదరాబాదు కంపెనీ రీ సస్టెయినబిలిటీ (పాత రాంకీ ఎన్విరో) వారి ప్లాంటు. గంటకు 135, 180, 270 కిలోల చొప్పున మూడు ట్రయల్స్ చేశాకే మిగతాది 270 మించకుండా కాల్చారు. పురుగుమందుల క్లోరిన్‌ను పట్టడానికి సున్నం వంటివి కలపాలి, పాదరసం ఎలాగూ కాలదు. చివరికి మిగిలిన బూడిద, లవణాలు 800 టన్నుల పైమాటే, అంటే కాల్చినదాని కంటే రెట్టింపు పైన. కాబట్టి డ్రాయింగ్ వేసే రోజే ఆ బూడిదకు ల్యాండ్‌ఫిల్ ఎక్కడో, స్క్రబ్బర్ ఉప్పునీళ్ళు ఏ వాగు దరిదాపుల్లోకి వెళ్తాయో తేల్చుకోవాలి.