తంజావూరి వేదనాయక శాస్త్రి

తమిళ క్రైస్తవులలో వేదనాయక శాస్త్రి పేరు వినని వారరుదు. ఆదిఆంధ్రుల మహాసభ సంచికలో ఆయనను గూర్చి వ్రాయుట యేల యని కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్న నిర్హేతుకము గాదు. దాని కారణము ముందు దెలియగలదు.

ఈయన 1774 సెప్టెంబరు 7 వ తేదీని తిరునెల్వేలిలో వెళ్లాల కుటుంబమున జనించెను. తండ్రి దేవసహాయము. 1785 లో శ్వార్ట్జు అను జర్మను బోధకుడు ఈ బాలుని తంజావూరికి దీసికొనిపోయి పెంచెను. పిమ్మట తరంగంబాడిలో డేనిషు మిషను గురువులయొద్ద దైవశాస్త్రమభ్యసించి, 1794 లో తంజావూరి మిషను పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. అప్పటి కాయనకు ఇరువది యేండ్లైన నిండినవో లేదో! ఆ యుద్యోగమున ముప్పది యేండ్లకు పైగా నుండెను.

ఆయన చదువును బాటను వేఱుచేసినవాడు గాడు. 1800 లో రచించిన 'బెత్లెహేము కురవంజి' యిందుకు సాక్షి. కొరవంజి మనకు గ్రొత్తది గాదు. తంజావూరి నాయకరాజుల కొలువునను, మరాఠారాజుల కొలువునను దెలుగు యక్షగానము వెలసినది గదా. విరహిణియైన నాయిక, సోదె చెప్పు ఎఱుకత, ఆమెను వెదకుచు వచ్చు సింగడు, ఇదియే పాత చట్టము. శాస్త్రి యా చట్టమును జెడగొట్టలేదు. నాయికను క్రైస్తవసంఘముగను, నాయకుని క్రీస్తుగను, ఎఱుకతను విశ్వాసముగను జేసెను. అంతటితో నిలువక, భూమి సూర్యుని చుట్టు దిరుగుచున్నదను క్రొత్త ఖగోళమును గూడ నందు జొప్పించెను. అక్షరము రానివాడును వినగల పాటలో నీ పాఠమును బెట్టుట ఉపాధ్యాయుని బుద్ధియే గాని వట్టి కవి బుద్ధి గాదు.

ఇక సంశయమునకు గారణమైన సంగతి. తొలి బోధకులు కులభేదమును జూచియు నూరకుండిరి. ఆరాధనలో వెళ్లాలు లొకవైపునను, పఱయలని పిలువబడినవా రొకవైపునను గూర్చుండెడివారు. పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చిన క్రొత్త బోధకు లందఱును గలసి కూర్చుండవలెననియు, ప్రభుభోజనమున నొకే పాత్ర ద్రావవలెననియు బట్టుబట్టిరి. శాస్త్రి యెదురు దిరిగెను. పాత తమిళ బైబిలును మార్చుట, కులములను గలుపుట, పెండ్లిండ్లలోను మరణసమయములందును బూలను నిషేధించుట, దేవాలయమున దమిళ కీర్తనలను మాన్పుట, ఈ నాలుగును క్రూరకృత్యములని వాదించెను.

కీర్తనల విషయమున నాయన పక్షమే న్యాయము. తన భాషలో, తన రాగమున దేవుని బాడుకొనరాదనుట యెవరికైనను జెల్లని మాట. కాని అదే నోటితో, కులమన్నది లోకమర్యాదయే గాని మతవిషయము గాదని 1829 లో గ్రంథము వ్రాసెను. ఊరబావి యొద్ద మన పెద్దలు వినిన మాటయు నిదియే. పండితుడు చెప్పినంత మాత్రమున నది మెత్తబడదు. ఆయన భక్తులు వ్రాసిన చరిత్రలలో నీ భాగమును దాటిపోవుట గలదు. అట్లు దాటుట నాకు సమ్మతము గాదు.

ఆ 1829 లోనే మిషను కొలువు పోయెను. శ్వార్ట్జుకు శిష్యుడైన శరభోజి మహారాజు, తాను హిందువయ్యును, ఈ క్రైస్తవ కవిని దన యాస్థానమున జేర్చుకొనెను. రాజు 1832 లో గతించెను. మఱుసటి యేట కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను, సంఘములో గులభేదము వెంటనే పూర్తిగా దొలగవలెనని యుత్తరువు వ్రాసెను. తంజావూరి వెళ్లాలు లనేకులు దేవాలయమును విడిచిరి గాని ఆచారమును విడువలేదు.

శాస్త్రి 1864 జనవరి 24 వ తేదీని, తొంబదవ యేట, మరణించెను. ఆయన కీర్తనలు నేడును దమిళ దేవాలయములలో బాడబడుచున్నవి. పాడువారిలో ఆనాడు వేఱువైపున గూర్చుండబెట్టబడినవారి మనుమలును గలరు.