దావా గెలిచి బడిని పోగొట్టుకున్న ఊరు

అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రానికి తూర్పు అంచున, మిసిసిపీ నది ఒండ్రు నేలల్లో, ఫిలిప్స్ కౌంటీ ఉంది. పత్తి పండే సీమ. అక్కడ లేక్ వ్యూ అనే చిన్న ఊరుంది. 2000 నాటి జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది ఐదారు వందల మందే. ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ 1992లో సొంత రాష్ట్ర ప్రభుత్వం మీదే దావా వేసింది. పదేళ్లు పోరాడి 2002 నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ గెలుపుతో ఆర్కాన్సాస్ బడులన్నిటికీ నిధులు పెరిగాయి. ఆ తీర్పును అమలు చేసే పేరుతోనే చట్టసభ మరో శాసనం చేసింది. రెండేళ్లు తిరక్కుండానే దాని కింద లేక్ వ్యూ స్కూల్ డిస్ట్రిక్ట్ రద్దయిపోయింది.

పల్లె బడిని ఎవరు నడపాలి, దానికి డబ్బు ఎవరివ్వాలి అన్నవి విడదీయలేని ప్రశ్నలని ఈ కథ చెబుతుంది.

బోర్డు, పన్ను, ఓటు

మన జిల్లా పరిషత్ హైస్కూలులో టీచర్ల జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. నియామకాలు, బదిలీలు పైనుంచే జరుగుతాయి. అమెరికాలో తీరు వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే బడుల కోసమే ఏర్పడిన ఒక స్థానిక ప్రభుత్వం. దానికి సొంత హద్దులు, సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉంటాయి. ఓటర్లు ఐదుగురినో ఏడుగురినో బోర్డు సభ్యులుగా ఎన్నుకుంటారు. పల్లెటూళ్లలో వీళ్లు సాధారణంగా జీతం లేకుండా పనిచేసే స్థానికులు. బోర్డు ఒక సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది. టీచర్ల నియామకాలకు ఆమోదం, బడ్జెట్టు, బస్సులు, భవనాలు అన్నీ బోర్డు బాధ్యతే.

ఈ ఏర్పాటు వేళ్లు వలస పాలన నాటివి. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ పిల్లలకు చదవడం, రాయడం నేర్పే పంతులిని పెట్టుకోవాలని మసాచుసెట్స్ 1647లోనే చట్టం చేసింది. ఆ తర్వాత 1785లో పడమటి భూములను సర్వే చేయించినప్పుడు టౌన్‌షిప్పు అనే ఒక్కో భూఖండాన్ని 36 చదరపు భాగాలుగా కోసి, అందులో 16వ భాగాన్ని బడి కోసం కేటాయించారు. ఆ ఒక్క భాగమే 640 ఎకరాలు. జనం పడమటికి జరిగిన కొద్దీ ఎక్కడికక్కడ ఒక గది బడి, దానికో బోర్డు వెలిశాయి. 1931-32 నాటికి దేశంలో 1,27,000కు పైగా స్కూల్ డిస్ట్రిక్టులుండేవి. ఇప్పుడు మిగిలినవి సుమారు 13,000. మంచి రోడ్లు, స్కూలు బస్సు వచ్చాక చిన్నవాటిని కలిపేయడం తేలికైంది.

ఆర్కాన్సాస్‌లో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఐదు వేలకు పైగా డిస్ట్రిక్టులుండేవి. 1948లో ఓటర్లే ఒక చట్టాన్ని ఆమోదించి, 350 మంది పిల్లలైనా లేని డిస్ట్రిక్టులను రద్దు చేశారు. దాంతో 1,589 ఉన్నవి 424కు దిగాయి. ఈ 350 అనే అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు సంగతి. పల్లె డిస్ట్రిక్టుకు స్థానికంగా వచ్చే ఆదాయంలో పెద్ద వాటా ఆస్తి పన్నుదే. దాన్ని మిల్లుల్లో లెక్కిస్తారు. వెయ్యి డాలర్ల పన్ను విలువకు ఒక డాలరు పన్ను పడితే అది ఒక మిల్లు. ఆర్కాన్సాస్‌లో పన్ను విలువ అంటే మార్కెట్ ధరలో ఐదో వంతు. లక్ష డాలర్ల ఇంటికి పన్ను విలువ 20,000 డాలర్లవుతుంది, 25 మిల్లుల చొప్పున ఏడాదికి 500 డాలర్ల బడి పన్ను పడుతుంది. ఈ రేటును బోర్డు ప్రతిపాదిస్తుంది, ఓటర్లు తేలుస్తారు. కొత్త రేటును జనం తిరస్కరిస్తే, చివరిసారి ఆమోదించిన పాత రేటే కొనసాగుతుందని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది. పన్ను కట్టేవాళ్ల చేతిలోనే పగ్గం ఉండటం ఈ విధానానికి బలం.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఒక డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి లక్ష డాలర్ల పన్ను విలువ ఉందనుకుందాం. 25 మిల్లులకు తలా 2,500 డాలర్లు వస్తాయి. ఇంకో చోట ఆ విలువ ఇరవై వేలే అయితే, అదే రేటుకు చేతికొచ్చేది 500 డాలర్లు. బీద ఊరు ఎంత పన్ను వేసుకున్నా కలిగిన ఊరితో సమం కాలేదు.

కోర్టుల దారి

ఈ అన్యాయం మీద టెక్సస్ తల్లిదండ్రులు వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. దేశ రాజ్యాంగం ప్రకారం చదువు ప్రాథమిక హక్కు కాదని 1973లో ఆ కోర్టు 5-4 మెజారిటీతో తేల్చేసింది. దాంతో పోరాటం రాష్ట్రాల కోర్టులకు మళ్లింది. రాష్ట్రాల రాజ్యాంగాల్లో చదువు గురించి స్పష్టమైన హామీలున్నాయి. ఆర్కాన్సాస్ రాజ్యాంగం 14వ అధికరణం ప్రకారం అందరికీ అందుబాటులో, తగిన స్థాయిలో, సమర్థంగా నడిచే ఉచిత బడులను రాష్ట్రమే నిర్వహించాలి.

ఆ హామీ ఆధారంగా 1983లోనే ఆల్మా స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు నిధుల పంపిణీని తప్పుపట్టింది. అప్పటి గవర్నర్ బిల్ క్లింటన్ చట్టసభ ప్రత్యేక సమావేశం పెట్టి అమ్మకం పన్ను ఒక శాతం పెంచారు. విద్యా ప్రమాణాల సంఘానికి హిల్లరీ క్లింటన్ అధ్యక్షత వహించారు. అయినా లేక్ వ్యూ లాంటి మిసిసిపీ డెల్టా పల్లెల కొరత తీరలేదు.

లేక్ వ్యూ పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. 1930లలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం భూమిలేని నల్లజాతి రైతు కుటుంబాలను స్థిరపరచడానికి చేపట్టిన పునరావాస పథకంలో ఏర్పడిన ఊరది. అరవై ఏళ్లు తిరిగినా అక్కడి బడి ఏ స్థితిలో ఉందో 2002 తీర్పులో నమోదైంది. హైస్కూలు లెక్కలన్నీ చెప్పేది ఒక్క టీచరే. ఆయనకు అర్హత పత్రం లేదు. ప్రత్యామ్నాయ టీచరుగా ఏడాదికి ఇచ్చేది 10,000 డాలర్లు. స్కూలు బస్సు నడిపి మరో 5,000 సంపాదించుకునేవారు. త్రికోణమితి తరగతికి సరిపడా కాలిక్యులేటర్లు లేవు, వృత్తలేఖినులు అసలే లేవు. ప్రింటరు పనిచేయదు, కాగితాలూ చాలవు. ఈ బడి నుంచి కాలేజీకి వెళ్లిన పిల్లలు నూటికి నూరు మందీ అక్కడ పునాది పాఠాలు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చేది.

1994లో కింది కోర్టు నిధుల విధానం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. 1996లో రాష్ట్ర ఓటర్లు 74వ సవరణను ఆమోదించారు. ప్రతి డిస్ట్రిక్టూ కనీసం 25 మిల్లులు వసూలు చేయాలని, ఆ మొత్తం రాష్ట్ర ఖజానా ద్వారా తిరిగి డిస్ట్రిక్టుకు చేరాలని అందులో ఉంది. ఊరి పన్ను మీద రాష్ట్రం చెయ్యి పడింది అప్పుడే. 2002లో జస్టిస్ రాబర్ట్ బ్రౌన్ రాసిన తీర్పు మరో అడుగు ముందుకేసింది. బడికి డబ్బు ఊరు తెచ్చుకున్నా, కౌంటీ ఇచ్చినా, పిల్లలకు సమానమైన, తగినంత చదువు అందించే అంతిమ బాధ్యత రాష్ట్రానిదేనని చెప్పింది.

350 అనే గీత

బాధ్యత మాదే అయితే అధికారమూ మాకే కావాలన్నది ప్రభుత్వం వాదన. 1,500 మంది విద్యార్థులైనా లేని డిస్ట్రిక్టులను కలిపేద్దామని గవర్నర్ మైక్ హకబీ 2003లో ప్రతిపాదించారు. పల్లె ప్రతినిధులు ఒప్పుకోలేదు. బేరసారాల తర్వాత తేలిన అంకె 350. ఈ గీత హకబీకి చాలలేదు. 60వ నంబరు చట్టం 2004 జనవరిలో ఆయన సంతకం లేకుండానే అమల్లోకి వచ్చింది. వరుసగా రెండేళ్లు విద్యార్థుల సంఖ్య 350కి లోపుంటే ఆ డిస్ట్రిక్టు పొరుగు డిస్ట్రిక్టుతో కలవాలి. ఇష్టపడి కలవకపోతే రాష్ట్ర విద్యా బోర్డే కలిపేస్తుంది.

ఆ చట్టం చేసిన చట్టసభ సమావేశాల్లోనే నిధులూ పెరిగాయి. అమ్మకం పన్ను 5.125 శాతం నుంచి 6 శాతానికి పెంచారు. ఒక్కో విద్యార్థికి మూల నిధి 5,400 డాలర్లుగా నిర్ణయించారు. బీద డిస్ట్రిక్టు స్థానికంగా ఎంత తక్కువ పోగేసినా మిగతాది రాష్ట్రం భర్తీ చేస్తుంది. లేక్ వ్యూ అడిగిన న్యాయం ఇదే. అది చేతికందే వేళకు అందుకోవడానికి డిస్ట్రిక్టే లేదు. 2004లో దాన్ని బార్టన్-లెక్సా డిస్ట్రిక్టులో కలిపేశారు.

కోర్టు పర్యవేక్షణ ఇంకా కొనసాగింది. ప్రత్యేక పరిశీలకులను నియమించి, నిధులు సరిపోతున్నాయని తృప్తిపడ్డాకే 2007లో సుప్రీంకోర్టు కేసు మూసింది. డిస్ట్రిక్టు పోయినందుకు లేక్ వ్యూ పక్షాన నిలిచినవాళ్లు ఫెడరల్ కోర్టుకెక్కారు. 2009లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు.

విలీనాన్ని సమర్థించేవాళ్ల మాటలో పస లేకపోలేదు. అర్హత గల లెక్కల టీచరు ఒక్కరూ లేని హైస్కూలును ఊరి గౌరవం కోసం కొనసాగించాలనడం పిల్లలకు ద్రోహమే. చిన్న బోర్డు ఉన్నంత మాత్రాన మంచి పాలన ఉన్నట్టు కాదు. కానీ ఆ చట్టం పిల్లల్ని లెక్కపెట్టింది తప్ప వాళ్లకు అందుతున్న చదువును తూచలేదు. 349 మందితో బాగా నడిచే బడికి, అన్నీ కరువైన బడికి ఒకే శిక్ష వేసింది. ఏళ్లతరబడి తానివ్వని డబ్బు వల్ల బడి చితికితే, ఆ చితికిన స్థితినే సాకుగా చూపి రాష్ట్రం ఊరి ఓటును తీసేసుకుంది.

మన దగ్గరా ఈ వాదన కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ జీవో కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తర్వాతి ప్రభుత్వం ఆ విధానాన్ని పక్కనపెట్టింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు స్కూల్ డిస్ట్రిక్ట్ విలువ మరో వైపు నుంచి తెలుసు. మంచి డిస్ట్రిక్ట్ చూసుకుని ఎక్కువ ధరకు ఇల్లు కొంటారు, ఆ ధర మీద కట్టే పన్ను అక్కడి బడులకే అందుతుంది. ఫిలిప్స్ కౌంటీ లాంటి చోట్ల అదే చక్రం వెనక్కి తిరుగుతుంది.

ఆర్కాన్సాస్ చట్టసభ 2015లో తన తప్పును కొంత దిద్దుకుంది. చదువులో, ఖాతాల్లో, భవనాల్లో ఇబ్బంది లేని డిస్ట్రిక్టుకు 350 నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని 377వ చట్టం చేసింది. బడిని కొలవాల్సింది తలల లెక్కతో కాదని పదకొండేళ్ల తర్వాత ఒప్పుకున్నట్టే. పిల్లవాడి చదువుకు డబ్బివ్వడం రాష్ట్రం బాధ్యత. ఆ డబ్బుకు బదులుగా ఊరి మాటను లాక్కునే హక్కు మాత్రం దానికి లేదు. మన ఊరి బడిని కలిపేస్తామని ఎప్పుడు కాగితం వచ్చినా ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఇన్నేళ్లూ ఈ బడికి రావలసినదంతా ఇచ్చారా?