బెండు కథ: కల్యాణి రాజు నుంచి మన మత్తడి దాకా

ఈ నడుమ ఫోన్లల్ల విదేశాల వీడియోలు చూసి మన పిలగాండ్లు కొత్త పాట ఎత్తుకున్నరు. ఫ్లై రాడ్డు కొంటం, రీలు కొంటం, స్ట్రైక్ ఇండికేటర్ల డబ్బా తెప్పించుకుంటం అని. కొనుక్కోండి, వద్దనేటోళ్లం కాదు. కానీ వేలకు వేలు పోసే ముందు ఈ పోస్టు ఒకసారి చదువుండ్రి. ఎందుకంటే ఆ స్ట్రైక్ ఇండికేటర్ అనే వస్తువు మీ తాతకు తెలుసు. దాన్ని మనం బెండు అంటం.

కథ ఎక్కడినుంచి మొదలుపెట్టాలె? చాలామంది గాలం ఆట అంటే ఇంగ్లీషోళ్లు తెచ్చిన సోకు అనుకుంటరు. అది నిజం కాదు. కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు, భూలోకమల్లుడని బిరుదు, 1127 నుంచి 1138 దాకా ఏలిండు. ఆయన సంస్కృతంల మానసోల్లాసం అనే పెద్ద గ్రంథం రాసిండు. వంద అధ్యాయాలు. వంటలు, వైద్యం, ఏనుగులు, సంగీతం, కోడిపందేలు, అన్నీ ఉన్నయి దాంట్ల. వినోదాల భాగంల మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉన్నది. ఏ చాప ఎట్లుంటది, ఏది సముద్రంది, ఏది నదిది, దేనికి ఏం మేత పెట్టాలె, గాలంతోని ఎట్ల పట్టాలె అని ఒక రాజు కూసొని రాసిండు. ఇంగ్లండుల గాలం మీద అచ్చయిన మొదటి పుస్తకం 1496ది. మన రాజు రాసింది దానికంటే మూడున్నర వందల ఏండ్ల ముందు.

ఇందుల మనకేం సంబంధం అంటరా? కల్యాణి అంటే ఎక్కడో కాదు, ఇయ్యాల బీదర్ జిల్లా బసవకల్యాణ్. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాలు అప్పుడు ఆ రాజ్యం కిందనే. కందూరు, పానగల్లు రాజధానులుగా ఏలిన కందూరు చోళులు కల్యాణి చాళుక్యుల సామంతులు. పానగల్లు ఉదయసముద్రం ఆ చోళుల నాటి చెరువే. ఛాయాసోమేశ్వరాలయం చూడటానికి పోయినోళ్లు ఆ కట్ట మీదికెళ్లి కూడా ఒకసారి నడువుండ్రి. రాజు మత్స్యవినోదం రాసిన కాలంల మనోళ్లు చెరువులు తవ్వించుకుంటున్నరు. రాజుకు అది వినోదం. చెరువు కింద బతికేటోనికి అది కూర.

ఇగ ఫ్లై ఫిషింగ్ సంగతి. అది కూడా పాతదే. క్రీస్తుశకం 200 ప్రాంతంల ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాల ఒక ఏటి ఒడ్డు ముచ్చట రాసిండు. అక్కడోళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు కట్టి, ఈగ లెక్క చేసి చాపల్ని పట్టేటోళ్లట. నీళ్ల మీద వాలే ఈగను అక్కడి చాప తింటది కాబట్టి ఈగ వేషం కట్టిండ్రు. అదే ఫ్లై. ఇంగ్లీషోళ్లు మన దేశం వచ్చినంక ఆ ట్రౌట్ చాప లేక వాళ్లకు పొద్దుపోలేదు. 1900ల ఓడల మీద గుడ్లు తెప్పించి కశ్మీరు వాగులల్ల పెంచిండ్రు, తర్వాత నీలగిరులల్ల పెంచిండ్రు. అవి సల్లటి నీళ్ల చాపలు. మన దిండి వాగుల, మూసిల, మే నెల ఎండల ట్రౌట్ ఒక్క పూట బతకదు. కాబట్టి ట్రౌట్ కోసం తయారైన సామాను మన కాడ కొన్నోడు ముందు ఈ మాట తెలుసుకోవాలె.

ఆ ఇంగ్లీషోళ్లల్ల కూడా తెలివైనోళ్లు ఉన్నరు. హెన్రీ సలివన్ థామస్ అని మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, 1873ల ది రాడ్ ఇన్ ఇండియా అని పుస్తకం అచ్చేసిండు. పద్నాలుగేండ్లకు, 1887ల, టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అని ఇంకోటి. అంటే అచ్చంగ చెరువుల గాలం మీదనే ఒక పుస్తకం. మన పాలమూరుకు ఆరో నిజాం మీద మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది 1890ల. ఆ పేరు కంటే ఈ పుస్తకం మూడేండ్లు పెద్దది! చెరువు వేరు, ఏరు వేరు అని ఆయనకు అర్థమైంది. ఇయ్యాల వీడియోలు చూసి కొనేటోళ్లకు అర్థం కానిది అదే.

తేడా ఏందో చెప్త. మన గాలంల సీసం గుండు బరువు ఉంటది, విసిరితే ఆ బరువే దారాన్ని గుంజుకపోతది. ఫ్లైకి బరువు లేదు, అది ఉత్త ఈక. అందుకని అక్కడ దారానికే బరువు పెడ్తరు. లావుటి దారం, కొరడా తిప్పినట్టు ఎనకకూ ముందుకూ తిప్పి విసురుతరు. రాడ్డు మీద 5 అనో 8 అనో నంబరు ఉంటది, అది దారం బరువు నంబరు. రాడ్డు నంబరు, దారం నంబరు కలవకపోతే ఎంత ఖరీదైన రాడ్డైనా ఉత్త కట్టెనే. చిన్న చాపలకు 5, పెద్ద చాపలకు 8 అని మోటు లెక్క. ఇంకొకటి, ఎనుక జాగ కావాలె. మన చెరువు కట్ట మీద ఎనకకు తిప్పితే గాలం తుమ్మ కొమ్మకు తట్టుకుంటది, ముందల చాప నవ్వుతది.

ఆ ఫ్లై నీళ్లల్ల మునిగి పారుతున్నప్పుడు చాప నోట్ల పెట్టుకున్నది తెలియదు. రుచి నచ్చక లిప్తల ఉమ్మేస్తది. అది తెలుసుకోనీకె దారానికి ఇంత ఉన్ని కుచ్చు, లేకుంటే రంగు బుడగ కడ్తరు. అదే స్ట్రైక్ ఇండికేటర్. అమెరికాల ఇప్పటికీ పంచాయితీ ఉన్నది: ఇది బెండు కాదా, బెండు కట్టినోడు ఫ్లై ఫిషింగ్ చేసినట్టా అని. వాళ్ల లెక్క ఏందంటే, నీళ్ల లోతెంతో దానికి ఒకటిన్నర వంతు పైన ఇండికేటర్ కట్టాలె, ఎందుకంటే పారే నీళ్లల్ల దారం ఏటవాలుగా పోతది. నిలిచిన చెరువుకు ఆ లెక్క పనికిరాదు. అక్కడ దారం నిట్టనిలువుగ దిగుతది.

మన బెండు చరిత్ర రాసినోళ్లు లేరు గాని, వస్తువులే చెప్తయి. జొన్నబెండు మొదటిది. జొన్న దంటు తోలు ఒలిస్తే లోపల తెల్లగ వచ్చేది. దానితోనే పిల్లలు ఎడ్లబండ్లు చేసుకునేటోళ్లు. తేలుతది గాని కొంతసేపటికి నీళ్లు పీల్చి బరువెక్కుతది. జీలుగు బెండు దానికంటే నయం. అన్నిటికంటే మేలైంది నెమలీక కాడ. పైన మెరిసే పొర నీళ్లను లోపటికి రానియ్యదు, లోపల తెల్లటి గుజ్జు తేలుస్తది. సన్నగ ఉంటది కాబట్టి చాపకు బరువు తగలదు. ఇంగ్లండుల కూడా నెమలీక కాడతోని బెండ్లు చేస్తరు. తర్వాత నైలాన్ దారం వచ్చింది, జనుప నార పోయింది. దాని ఎనుకనే హవాయి చెప్పు ముక్క వచ్చింది, థర్మకోల్ వచ్చింది.

ఆ చెప్పు ముక్క మీద నాకు కోపం ఉన్నది. ఇంత లావు ముక్క కడ్తరు. దాన్ని ముంచాలంటే చాప గట్టిగ గుంజాలె. గుంజంగనే దానికి అనుమానం, ఎర్రను ఇడిచిపెడ్తది. చాప పడ్తలేదు, చెరువుల చాపలు లేవు అంటరు. బెండు ఎంత ఉండాలంటే, గాలం, ఎర, సీసం మొత్తం కలిపి దాన్ని మెడదాక ముంచాలె, తలకాయ ఒక్కటే బయట కనపడాలె. ఇంకొక్క సీసం ముక్క ఏస్తే మునగాలె. అప్పుడు పరక ముట్టినా తెలుస్తది.

లోతు చాపను బట్టి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటది, అది పైపై నీళ్లల్ల మేస్తది, బెండు గాలానికి దగ్గరగ కట్టాలె. రవ్వ నడుమ నీళ్లల్ల. మ్రిగాల అడుగున బురద నాకుతది, దానికి ఎర నేల తాకాలె. కొర్రమీను తూడు మధ్యల, గడ్డి పక్కన ఉంటది.

బెండు చెప్పే భాష వేరువేరుగ ఉంటది. టిక్కు టిక్కుమని ఆగకుండ ఊగితే జిలేబీయో పరకనో, గుంజకుండ్రి. అన్నట్టు ఆ జిలేబీ మన దేశానికి వచ్చింది 1952ల, ఆఫ్రికా చాప, ఇయ్యాల ప్రతి కుంటల అదే. ఒక్క దెబ్బకు మాయమైతే కొర్రమీను. బెండు మునగకుండ పైకి లేచి పక్కకు పడుకుంటే చాలామంది గాలి అనుకుంటరు. అది గాలి కాదు. అడుగున ఉన్న చాప ఎరను నోట్ల పెట్టుకొని పైకి లేచింది, సీసం బరువు దాని నోట్లకు పోయింది, అందుకే బెండు తేలింది. అప్పుడే గుంజాలె. ఈ ఒక్కటి తెలిసినోడు కట్ట మీద నలుగురి కంటే ఎక్కువ పడ్తడు.

ఇగ అసలు బాధ. వానకాలంల కొర్రమీను పిల్లలు ఎర్రగ, కుంకుమ చల్లినట్టు, గుంపుగ నీళ్ల మీద తిరుగుతయి. తల్లీతండ్రీ కింద కావలి ఉంటయి. ఆ గుంపు నడుమ కప్పనో గాలమో ఏస్తే కావలి చాప కోపంతోని మింగుతది. తేలిక పని. కానీ కావలి పోయిన గుంపు సాయంత్రానికి పరకలకు, పాములకు, కొంగలకు మేత. ఒక్క చాప కోసం వందల పిల్లలు పాయె. కొర్రమీను మన రాష్ట్ర చాప అని చెప్పుకుంటం, పని మాత్రం ఇది. కరెంటు తీగలు, బ్లీచింగ్ పౌడర్, తోటాల సంగతి ఇంకా ఘోరం. నీళ్లల్ల మందు కలుపుడు, తోటాలు పేల్చుడు నేరమని 1897 ఇండియన్ ఫిషరీస్ చట్టంల ఉన్నది. అంటే ఆ రోగం అప్పటికే ఉన్నట్టే కదా. నూటపాతికేండ్లు దాటినా తగ్గలే.

2016 నుంచి సర్కారు చెరువులల్ల చాపపిల్లల్ని ఉచితంగ ఇడుస్తున్నది. ఆ చాప ముదిరాజ్, గంగపుత్ర సొసైటీల బతుకు. రాడ్డు ఎంతదైనా సరే, చెరువు మీద కూసునే ముందు ఆ ఊరి సొసైటీని అడుగుండ్రి. పొద్దుపోక వచ్చినోడు అడిగితే కాదనేటోళ్లు తక్కువ, అడగకుండ కూసుంటే కొట్లాట.

సామాను గురించి అడిగినోళ్లకు నా మాట: సన్నటి వెదురు కర్ర, బలమైన సన్న నైలాన్ దారం, చిన్న గాలాలు, నెమలీక కాడ. నెమలిని ముట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. వానలు తగ్గే టైముకు అదే ఈకలు రాలుస్తది, పల్లి చేన్ల ఏరుకుంటే సరిపోతది. మన పంట తిన్న బాకీ అట్ల కొంత తీరుతది. జొన్నబెండు చేసుకుందమంటే మాత్రం కష్టమే. నల్లగొండల, పాలమూరుల జొన్న పోయి పత్తి వచ్చె, పత్తి కట్టెల బెండు ఉండదు.