దిడ్డి తలుపు గడియ

ఫిల్మ్‌నగర్‌లో మా మిత్రుని ఇంటి వాకిటికి క్రొత్త ఇనుపగేటు బిగిస్తున్న నాడు మేమును అక్కడ ఉండుట తటస్థించింది. కారు పోవుటకు రెండు పెద్ద రెక్కలు, మనుషులు పోవుటకు వాటిలో ఒక రెక్కను కోసి అమర్చిన చిన్న తలుపు. జూబిలీహిల్సులో ఇటువంటి గేటు లేని ఇల్లు అరుదు. సినిమా నటుల ఇళ్లముందు పుట్టినరోజున గుమిగూడే అభిమానులు చూచేది పెద్ద రెక్కలనే గాని, లోపలికి పోయేవాడు పోయేది ఆ చిన్న తలుపులో నుండియే. గేటు బిగించ వచ్చిన పనివాడు గడియను చేత పట్టుకొని, "సార్, ఇది లోపలికెల్లి తెరవాల్నా, బయటికెల్లి తెరవాల్నా?" అని అడిగినాడు. మా మిత్రుడు వెంటనే బదులు చెప్పలేకపోయినాడు. మేమూ చెప్పలేకపోయినాము.

ఆ మేడమీద నుండి దక్షిణానికి తిరిగి చూచిన గోలకొండ కనిపిస్తుంది. నడుమ కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనుక బాలాహిసారు గుట్ట. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్సులో అన్నపూర్ణ స్టూడియో ఆరంభించిన నాటికి ఈ చుట్టుపట్ల ఇళ్లకన్న బండలే ఎక్కువ. అంతకు మూడువందల ఏండ్లు ముందు ఈ బండలు, ఈ లోయలు కోటకు పెరటివంటివి. జూబిలీహిల్సు ప్రక్కనే ఉన్న దుర్గం చెరువు కోటవారికి త్రాగునీరు ఇచ్చిన చెరువని ప్రసిద్ధి. పనివాడు అడిగిన ప్రశ్నకు జవాబు వెదుక దలచినవారికి ఆ కోటకన్న మంచి తావు లేదు. ఎందుకనగా గోలకొండ రాజ్యం ముగిసినది ఒక గడియ దగ్గరనే.

కోట వెలుపలి గోడ చుట్టుకొలత సుమారు పది కిలోమీటర్లు. దానికి 87 బురుజులు, 8 ద్వారాలు. వాటిలో ఆగ్నేయపు మూలనున్న ద్వారాన్ని నేడు ఫతే దర్వాజా, అనగా విజయద్వారం అంటారు. ఆ పేరు గెలిచినవాడు పెట్టినది, కట్టినవాడు పెట్టినది కాదు. తలుపు రెక్కలమీద మనిషి ఎత్తునకు పైన పొడవైన ఇనుప మేకులు కనిపిస్తవి. ఏనుగు నుదుటితో ఢీకొనకుండుటకు అవి కొట్టినవి. ద్వారాలకు ఎదురుగా ఒక అడ్డుగోడ నిలిపినారు. ఏనుగు దూరంనుండి పరుగెత్తి రాకుండా, మలుపు తిరిగి మందగించి రావలెనని.

ఇటువంటి కోటల తలుపులకు నేటి మడతబందులు ఉండవు. రెక్కకు పైన ఒకటి, క్రింద ఒకటి పొడుచుకొనివచ్చిన మొనలు రాతిగుంటలలో తిరుగుతవి. రెక్కలు మూసిన పిమ్మట వెనుకనుండి అడ్డంగా వేసేది గడెమాను. గోడలో ఒక ప్రక్క లోతైన తొర్ర ఉంటుంది. పగలు ఆ మాను దానిలో దాగి ఉంటుంది. రాత్రి దానిని బయటికి లాగి, తలుపు వెనుకగా నడిపించి, రెండవ ప్రక్క గుంటలో దూర్చుతారు. తలుపుమీద పడిన దెబ్బ మానుకు, మాను నుండి రెండు ప్రక్కల గోడలకు పోతుంది. అనగా ఏనుగు ఢీకొట్టేది తలుపును కాదు, కోటగోడనే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో దుర్గవిధానం చెప్పేచోట ద్వారానికి ఏనుగులను ఆపే అడ్డమానులు నాలుగు ఉండవలెనని, ఇంద్రకీలం మూరెడు ఉండవలెనని, ప్రక్కన అయిదు మూరల చిన్న ద్వారం ఒకటి ఉండవలెనని విధించినారు. ఇంద్రకీలమనగానే మనకు బెజవాడ కొండ స్ఫురిస్తుంది. ఇక్కడ దాని అర్థం తలుపు రెక్కలను కదలనీయక నిలిపే చీల. అయితే మా దృష్టి నిలిచినది ఆ మూడవ మాటమీద. అంత పెద్ద ద్వారం ప్రక్కన చిన్నది ఎందుకు? ఒక్క వార్తాహరుని లోపలికి రానిచ్చుటకు గడెమాను తీయించుట ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత ప్రతి కోటకూ ఒక దిడ్డి తప్పలేదు. దిడ్డికి పెద్ద మాను పట్టదు. ఒక ఇనుప గడియ, ఒక గొళ్లెం చాలు. ఒక మనిషి, ఒక చేయి.

ఇక 1687వ సంవత్సరానికి వద్దాము. అంతకు ముందటి ఏడే అక్కన్న మాదన్నలు హత్యకు గురియైనారు. బీజాపురం మొగలాయిల వశమైపోయింది. ఆ సంవత్సరపు తొలి దినాలలో ఔరంగజేబు సైన్యంతో స్వయంగా వచ్చి గోలకొండను చుట్టుముట్టినాడు. లోపల అబుల్‌హసన్ తానీషా. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. ఆరంభంలోనే కోట ఫిరంగి దెబ్బ తగిలి కులీచ్‌ఖాన్ అనే మొగలు సేనాని మరణించినాడు. పిదప హైదరాబాదు నేలిన నిజాముల మూలపురుషునకు ఇతడు తాత. సొరంగాలు త్రవ్వి మందు కూరినారు. లోపలివారు పసిగట్టి కొంత మందు తీసివేసి, కొంత తడిపినారు. నిప్పంటించినప్పుడు రాళ్లు ఎగిరి మొగలాయిల మీదనే పడినవి. వానలు పట్టుకొన్నవి. కరువు వచ్చింది. దండులో మనుషులు, పశువులు చచ్చినారు.

ఒక రాత్రి నిచ్చెనలు వేసి గోడ ఎక్కజూచినారు. ఆ గోడమీద ఒక ఊరకుక్క మొరిగింది. కావలివారు మేల్కొని ఎక్కినవారిని పడద్రోసినారు. తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించినాడని ఖాఫీఖాన్ తన చరిత్రలో వ్రాసినాడు. పాదుషాల కథలలో మాకు నచ్చిన బహూకరణలలో ఇది ఒకటి.

ఏనుగులు, ఫిరంగులు, సొరంగాలు, నిచ్చెనలు, ఇవేవీ గోలకొండ తలుపు తెరువలేదు. అంతలో లోపలి సరదారులకు ధనం, పదవులు ఆశ చూపి వశపరచుకొనుట ఆరంభమైంది. ఒక్కరొక్కరే జారిపోయినారు. చివరికి మిగిలిన ముఖ్యులు ఇద్దరు: అబ్దుల్లాఖాన్ పనీ అనే ఆఫ్ఘను, అబ్దుర్రజ్జాక్ లారీ అనే పారశీకుడు. సెప్టెంబరు నెలలో ఒకనాడు, తెల్లవారుటకు కొన్ని గంటల ముందు, అబ్దుల్లాఖాన్ పనీ తన కావలిలో ఉన్న దిడ్డి తలుపు గడియ తీసినాడు. రూహుల్లాఖాన్ కొందరు సైనికులతో చప్పుడు కాకుండా ఆ దారిన లోపలికి వచ్చినాడు. లోపలికి వచ్చినవారు చేసిన మొదటి పని పెద్ద ద్వారం గడెమాను తీయుట. బయట షాజాదా ఆజం సైన్యంతో వేచి ఉన్నాడు.

లారీ సంగతి అందరికీ తెలిసినదే. జీను కూడ వేయని గుర్రమెక్కి, పిడికెడు మందితో ద్వారం దగ్గర అడ్డుపడి, డెబ్బదికి మించిన గాయాలతో పడిపోయినాడు. శత్రువైన పాదుషాయే వైద్యులను పంపి బ్రతికించినాడు. తానీషా తన్ను పట్టుకొన వచ్చిన సరదారులను మర్యాదతో కూర్చుండబెట్టి, భోజనం ముగించి, వారి వెంట బయలుదేరినాడట. దౌలతాబాదు కోటలో బందీగానే కాలం చేసినాడు.

దీనిని ద్రోహమని చెప్పి ఊరకుండుట చరిత్ర గ్రంథాలకు అలవాటు. ద్రోహమే, సందేహం లేదు. కాని గడియ చేసేవాని కంటితో చూచినవారికి ఇంకొకటి కనిపిస్తుంది. పెద్ద ద్వారపు గడెమానును ఒక్కడు కదలించలేడు. నలుగురైదుగురు పట్టవలె, అది రాతిమీద గీసికొంటూ కదలవలె, చప్పుడు కావలె. ఆ బరువు ఏనుగుకోసమే అనుకొంటాము. లోపలివానికి కూడ అది కళ్లెమే. ఒక్కడు మనసు మార్చుకొన్న మాత్రాన ఆ తలుపు తెరచుకొనదు. దిడ్డి గడియలో ఆ గుణం లేదు. బాలాహిసారు ద్వారం గుమ్మటం క్రింద చప్పట్లు కొట్టిన, సుమారు కిలోమీటరు దూరాన గుట్టపైనున్న మండపంలో వినిపిస్తుంది; చూడవచ్చిన పిల్లలు నేటికీ కొట్టి చూస్తారు. ముందు వాకిట జరిగిన అలికిడి పైకి తెలియజేయుటకు అంత నేర్పు చూపినవారి కోట, అలికిడి లేని చోటునుండి పోయింది.

ఇది ఒక్క గోలకొండ కథ కాదు. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని పట్టుకొన్నప్పుడు కెర్కోపోర్టా అనే చిన్న తలుపుకు గడియ వేయ మరచినారని, ఆ దారిన కొందరు ముందుగా లోపలికి చొరబడినారని డూకస్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు. దానిని నమ్మని పండితులున్నారు. నమ్మకపోయినా, అటువంటి కథ పుట్టుటకు తగిన చోటు చిన్న తలుపే.

తాళం చేసేవారికి ఈ చిక్కు తెలియక కాదు. ప్రాచీన ఈజిప్టువారి కొయ్య తాళంలో చిన్న మేకులు తమ బరువుతోనే గడియ రంధ్రాలలోనికి పడి దానిని పట్టి ఉంచేవి. తాళపుచెవి వాటిని పైకెత్తేది. అమెరికాలో లైనస్ యేల్ 1860 తరువాత అదే సూత్రాన్ని చిన్న ఇత్తడి గొట్టంలో ఇమిడ్చినాడు. 1897లో అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల పని ఆరంభించినాడు. ఇవన్నియు బయటివాని చేతిని ఆపే తెలివి. లోపలివానికి సమాధానం బ్యాంకు లాకరులో ఉన్నది: ఒక తాళపుచెవి బ్యాంకువారిది, ఒకటి మనది, రెండును తిరిగినగాని తలుపు రాదు. గడెమాను బరువు అక్కడ రెండు చేతులుగా మారిందని మాకు తోస్తుంది.

అట్లయిన ప్రతి తలుపునూ ఇద్దరు ముగ్గురు తీసేటట్లు చేయవచ్చును కదా అని ఎవరైన అనవచ్చు. సినిమావారి పేటలో నిలిచి ఆ మాట అనుటకు వీలులేదు. 1903 డిసెంబరు 30న షికాగో నగరంలోని ఇరక్వాయ్ అనే నాటకశాలలో మంటలు లేచినవి. తలుపులకు ప్రేక్షకులకు పరిచయం లేని క్రొత్తరకపు గడియలు. వాటిని ఎట్లా తిప్పవలెనో తెలియదు. చౌక టిక్కెట్ల వారు క్రిందికి దిగి మంచి ఆసనాలలో కూర్చుండకుండా మెట్లదారిలో ఇనుపగేట్లు మూసి తాళాలు వేసినారు. ఆరువందల రెండుమంది మరణించినారు. ఆనాటి ఆటకు పోవలసియుండి పోలేకపోయిన కార్ల్ ప్రింజ్లర్ అనే ఇనుపసామాను వర్తకుని మనసును ఆ సంగతి వదలలేదు. అతడు, మరి ఇద్దరు కలిసి చేయించిన గడియ 1908లో అంగడికి వచ్చింది. తలుపు నడుముకు అడ్డంగా ఒక కమ్మీ; గుంపు వచ్చి దానిమీద పడిన చాలు, గడియ ఊడి తలుపు బయటికి తెరచుకొంటుంది. చీకటిలో, పొగలో, చదువు రానివాడైనా, పసివాడైనా తెరువగల గడియ అది. బయటినుండి మాత్రం తెరచుకొనదు.

మన దేశంలో 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో ఆట నడుస్తుండగా పొగ కమ్ముకొన్నది. బాల్కనీలో కుడివైపు దారిని మూసి కుర్చీలు వేసినారు. తలుపులలో కొన్నింటికి గడియలు పడి ఉన్నవి. యాబదితొమ్మిదిమంది చనిపోయినారు. అక్కడ గడియ తీసే ఒక్క చేయి కూడ దొరకలేదు. గోలకొండలో ఒక్క చేయి దొరికింది. గడియ చేసేవాడు ఈ రెండు సంఘటనలనూ ఒకేసారి తలచుకొని పని చేయవలసి ఉన్నది. అది సులభమైన పని కాదు.

స్టూడియోలలో మాత్రం దీనికి మూడవ రకం గడియ ఒకటి ఉన్నది. చిత్రంలో కోటతలుపు బ్రద్దలయ్యే ఘట్టానికి గడెమానును తేలిక కొయ్యతో చేసి, విరుగవలసినచోట ముందుగానే సగం కోసి, రంగు పూసి ఉంచుతారు. సరియైన క్షణానికి విరుగుటయే దాని గొప్పతనం. విరుగకపోతే మరల కెమెరా త్రిప్పవలె.

మరల మా మిత్రుని వాకిటికి వద్దాము. పనివాడు తెచ్చినది తనంత తాను పడే గడియ. రెక్కకున్న చీల వచ్చి స్తంభం మీది ఇనుపనాలుక ఏటవాలు అంచును ఒరసి దానిని పైకెత్తుతుంది; చీల దాటగానే నాలుక తన బరువుతో క్రిందికి పడి, చీలను వెనుకకు పోనీయదు. స్ప్రింగు లేదు, తుప్పు పట్టినా పని చేస్తుంది. ఈజిప్టువారి కొయ్యమేకుకు ఇది మనుమడే. ఇనుపగేటు నాలుగేండ్లకు బరువుకు కొస వ్రాలుతుంది కాబట్టి, నాలుకకు పైన క్రింద రెండంగుళాల వెసులుబాటు ఉంచుమని మేము సలహా ఇచ్చినాము. "అది మాకు ఎరికే సార్" అన్నాడతడు, కొంచెం నొచ్చుకొని.

లోపలినుండి పిల్లలకు కూడ చేయి అందే ఎత్తున గడియ ఉండవలెనని, బయటినుండి చేయి దూరకుండా వెనుక ఒక రేకు అతుకవలెనని, రాత్రికి మాత్రం క్రింద నేలలో దిగే చీల ఒకటి వేరుగా పెట్టవలెనని చివరకు నిర్ణయమైంది. అతడు రేకు కొలిచినాడు, నేలలో రంధ్రానికి గుర్తు పెట్టినాడు. లేచి చేతులు దులుపుకొంటూ మరల అడిగినాడు:

"రాత్రి చీల ఎవరు ఏస్తరు సార్? ఇంట్లవాళ్లా, వాచ్‌మనా?"