డెడ్ మూన్ వాళ్ల ముచ్చట

దగ్గరికి జరగండర్రా, మంట బాగా అంటుకుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ ఊరు. అక్కడ మొగుడూ పెళ్లాం కలిసి నడిపిన బ్యాండ్ ముచ్చట చెప్తా వినండి.

1966. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లని పట్టుకుపోతున్న రోజులవి. ఫ్రెడ్ కోల్ అనే పాటగాడు, అతని జట్టు కెనడా వెళ్లిపోదామని బయల్దేరారు. పోర్ట్‌లాండ్‌లో పెట్రోలు అయిపోయింది. అక్కడే ఒక క్లబ్బులో పాడటానికి కుదురుకున్నారు. టూడీ అనే అమ్మాయి అతనికి పరిచయమైంది ఆ క్లబ్బులోనే. మరుసటేడు పెళ్లి.

అప్పట్లో వాళ్ల బ్యాండ్ పేరు ‘ద వీడ్స్’. మేనేజరుగా వచ్చినాయన దాన్ని ‘లాలీపాప్ షాప్’ అని మార్చేశాడు. 1968లో ఆల్బమ్ ఆ పేరుతోనే వచ్చింది. అంత కరుకు పాటలకి పసిపిల్లల మిఠాయి పేరా! ఒకళ్ల చేతికింద పాడితే ఏమవుతుందో ఫ్రెడ్‌కి అప్పుడే తెలిసొచ్చిందని నేననుకుంటా.

తర్వాత చాలా బ్యాండ్లు పెట్టాడు, అవి పోయాయి. ‘ద ర్యాట్స్’ పెట్టినప్పుడు టూడీకే బేస్ గిటార్ నేర్పాడు. అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి ఆవిడ. 1987లో ఆండ్రూ లూమిస్ డ్రమ్ముల మీదికి వచ్చాడు. అదే డెడ్ మూన్. విస్కీ సీసా మూతిలో కొవ్వొత్తి గుచ్చి, డ్రమ్ము మీద నిలబెట్టి వాయించేవాడు ఆ లూమిస్.

అసలు ముచ్చట వాళ్ల ఇంట్లో ఉంది. క్లాకమాస్‌లో ఫ్రెడ్ తన చేతుల్తో కట్టుకున్న ఇల్లది. అందులో రికార్డులు చెక్కే 1954 నాటి ప్రెస్టో యంత్రం. ‘లూయీ లూయీ’ పాటని చెక్కింది దానిమీదేనని చెప్తారు. లాకర్ పూత పూసిన పళ్లెం గిర్రున తిరుగుతుంటే, సన్నటి ములికి పాటని గాడిగా చెక్కుకుంటూ పోతుంది. పక్కనుంచి నల్లటి పొట్టు పోగులా లేస్తుంది. చెయ్యి తడబడితే పళ్లెం పారేసి మళ్లీ మొదటికి రావాలి. అలా ఇంట్లో చెక్కిన పళ్లేల నుంచే రికార్డులు అచ్చయ్యేవి. అన్నీ మోనోయే. లేబుల్ కూడా సొంతమే, టూంబ్‌స్టోన్. స్టూడియోలు నున్నగా చేసే ధ్వని కంటే ఆ గరుకు ధ్వనిలోనే నాకు మనుషులు వినపడతారు.

సొంత దేశం కంటే ముందు యూరప్ వాళ్లే వీళ్లని నెత్తిన పెట్టుకున్నారు. పెర్ల్ జామ్ బ్యాండ్ అంతటివాళ్లు వీళ్ల పాటని వేదికల మీద పాడారు.

2006లో బ్యాండ్ ఆపేశారు, 2014లో మళ్లీ కలిశారు. 2016లో లూమిస్ పోయాడు. 2017 అక్టోబరులో పోర్ట్‌లాండ్ నగరం వాళ్ల పేరుమీద ఒక రోజు ప్రకటించింది. నవంబరులో ఫ్రెడ్ కన్నుమూశాడు. అరవై తొమ్మిదేళ్లు. టూడీతో కాపురానికి యాభై ఏళ్లు.

రేపు పగలు వాళ్ల మొదటి ఆల్బమ్ పెడతా. మోనో కదా, ఒక్క స్పీకరు చాలు. శబ్దం మాత్రం తగ్గించనివ్వను.